గ్లాసు మీద గీత

"గ్రాములు నాకు తెల్వయి మేడం. గిలాసల లెక్క చెప్పు," అంది రుద్రమ్మ. ఆ మాట అనడం అప్పటికి మూడోసారి.

అనుపమ కంప్యూటర్ మీంచి చూపు తిప్పలేదు. పంజాగుట్టలోని ఆ ఆస్పత్రిలో, కిడ్నీ విభాగం పక్కన ఉన్న డైటీషియన్ గదికి ఆవిడే పెద్ద. ప్రింటర్‌లోంచి వస్తున్న పథ్యం చార్టును రెండు వేళ్ళతో లాగి బల్ల మీద పెట్టింది. పెన్నుతో ఒక్కో వరుసనీ కొడుతూ చదివింది.

"బియ్యం రోజుకి రెండు వందల గ్రాములు. పప్పు ముప్పై గ్రాములు. ఉప్పు ఐదు గ్రాములు, అంతే. పోయిన నెల కూడా ఇదే ఇచ్చాను. మీరు పాటించలేదు."

"ఎట్ల పాటియ్యాలె? కిరాణం దుకాణంల ఐదు గ్రాముల ఉప్పు జోకియ్యమంటే వాడు నా మొకం జూసి నవ్విండు."

"దుకాణంలో తూయించడం కాదమ్మా. ఇంట్లోకి చిన్న వేయింగ్ మెషిన్ కొనుక్కోండి. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఫోన్ ఉంది కదా."

రుద్రమ్మ చేతిలో ఫోనుంది. అంకెలు అరిగిపోయిన మీటల ఫోను. దాన్ని కొంగు చాటుకి లాక్కుంది. గది తలుపు బార్లా తెరిచే ఉంది, బయట టోకెన్లు పట్టుకుని కూర్చున్నవాళ్ళకి ప్రతి మాటా వినిపిస్తోంది. ఆ సంగతి అనుపమకి తెలియకేం కాదు. అయినా పక్క బల్ల దగ్గరున్న జూనియర్ యశస్విని వైపు తిరిగి ఇంకాస్త గట్టిగానే అంది.

"చూశావా, ఎంత చెప్పినా వీళ్ళు ఉప్పు మానరు. రేపు మెడలో గొట్టం వేశాక మాత్రం మన దగ్గరికొచ్చి ఏడుస్తారు."

గొట్టం మాట ఊరికే రాలేదు. రుద్రమ్మ భర్త రాజనర్సయ్య కాళ్ళను డాక్టర్ ఫణీంద్ర ఆ పొద్దున్నే నొక్కి చూశాడు. వచ్చే సోమవారానికి వాపు దిగకపోతే మెడలోంచి గొట్టం వేసి డయాలసిస్ మొదలుపెట్టక తప్పదన్నాడు. ఒకసారి మొదలుపెడితే వారానికి మూడు రోజులు మంచం మీదే. ఒంట్లో నీరు చేరకుండా చూసుకోవడం మీ చేతుల్లోనే ఉందని చెప్పి, ఉప్పు సంగతి డైటీషియన్‌ని అడగమన్నాడు. అడగడానికే రుద్రమ్మ వచ్చింది. అడిగినందుకు ఆమెకి దొరికిన జవాబు ఇది.

ఆమె చార్టు మడిచి సంచిలో పెట్టుకుని బయటికి నడిచింది.

యశస్విని ఆ గదిలో చేరి ఎన్నో నెలలు కాలేదు, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. కాకినాడలో వాళ్ళమ్మ జీవితంలో ఒక్కసారి కూడా గ్రాము తూచి ఎరగదు. ఇక్కడ అమీర్‌పేట హాస్టల్లో వంటావిడ గరిటె ఎంత లేస్తే అంతే కూర. గ్రాములు పుస్తకాల్లో ఉంటాయి, పరీక్షల్లో ఉంటాయి, ఈ చార్టుల్లో ఉంటాయి. ఎవరి వంటింట్లోనూ వాటిని చూసిన జ్ఞాపకం ఆమెకి లేదు. మంచినీళ్ళ సీసా చేతిలో పట్టుకుని, నీళ్ళకి వెళ్తున్నదానిలా లేచి బయటికొచ్చింది.

వరండాలో స్టీలు కుర్చీ మీద రాజనర్సయ్య కూర్చుని ఉన్నాడు. చెప్పులు కాళ్ళకి పట్టక ప్లాస్టిక్ కవర్లో వేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలన్నీ కట్టేది ఆయనే, నిచ్చెన దిగి కొన్ని వారాలైంది.

"అమ్మా," అంది యశస్విని గొంతు తగ్గించి, "రోజుకి ఒక్క చెంచా ఉప్పు. పైన కుప్పగా లేకుండా. అంతే."

రుద్రమ్మ ఆగి ఆ పిల్ల మొహం పరకాయించి చూసింది. "ఒక్క చెంచా. గింతేనా? గీ ముక్క చెప్పనీకె ఆమెకు నోరు రాలేదా?"

"ఉప్పు తక్కువైతే నేను తినలేనని ఆమెకు తెలుసే," అన్నాడు రాజనర్సయ్య. "అందుకే చెప్పలే."

యశస్విని నవ్వుకుంటూ గదిలోకి వచ్చింది. మంచి పని చేశాననుకుంది. నోటి మాటతో అయిపోయేదైతే మంచి పని ఈపాటికి అందరూ చేసి ఉండేవాళ్ళు.

గురువారం రాజనర్సయ్య ఇంజెక్షన్‌కి వచ్చాడు. నర్సు ఆయన్ని బరువు తూచే మిషన్ ఎక్కించి, అంకె చూసి, ఇంకోసారి ఎక్కించింది. సోమవారం కంటే కిలోన్నర ఎక్కువ. కాళ్ళు బూరెల్లా ఉబ్బి మెరుస్తున్నాయి. కుర్చీ అంచు పిక్క మీద పడిన చోట గాడి అలాగే నిలిచిపోయింది.

రుద్రమ్మ నేరుగా యశస్విని బల్ల దగ్గరికొచ్చింది. అనుపమ రౌండ్లకి వెళ్ళి ఉంది.

"నువ్వు చెప్పినట్టే చేసిన బిడ్డా. ఒక్క చెంచానే ఏసిన."

"ఏ చెంచా అమ్మా?"

"ఉప్పు జాడీల ఉండేదే."

"రోజుకి ఒక్కసారేనా వేసింది?"

"పప్పుకు ఒక్క చెంచా. కూరకు ఒక్క చెంచా. పచ్చిపులుసుకు ఒక్క చెంచా. అంతకన్న రవ్వంత ఎక్కువ ఎయ్యలే. ఆయన మీద ఒట్టు."

యశస్వినికి చెవులు వేడెక్కాయి. ఒక చెంచా అంది గానీ ఎవరి చెంచా అనలేదు, దేనికి అనలేదు. అనుపమ ఇచ్చిన చార్టు వంటింట్లో పనికిరాకపోవచ్చు, అందులో అంకె మాత్రం తప్పు కాదు. తప్పు చెప్పింది తను. ఆ మాట నమ్మి ఈ మనిషి మూడు రోజులు కొలిచి మరీ మొగుడికి ఉప్పు పెట్టింది. 

"సాయంత్రం మీ ఇంటికి రావచ్చా?" అని అడిగింది.

"రా బిడ్డా. అడగాల్నా?"

నర్సింగ్ పిల్లలకి చూపించడానికని గదిలో చిన్న డిజిటల్ తూకం ఒకటుంది. సాయంత్రం యశస్విని దాన్ని చున్నీలో చుట్టి లంచ్ బాక్సు కింద పెట్టుకుంది. అడిగితే వద్దంటారు, అందుకని అడగలేదు.

ముగ్గురూ ఆటోలో బయల్దేరారు. మెట్రో లైను కింద బండ్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతున్నాయి. అమీర్‌పేట రాగానే రాజనర్సయ్య ఆటోలోంచి తల బయటికి పెట్టాడు. ఎక్కడ చూసినా ఫ్లెక్సీలే. ఈ కోర్సు, ఆ కోర్సు, ఉద్యోగం గ్యారంటీ.

"గదేమో నేను కట్టిందే. పక్కది వేరేటోడు కట్టిండు. జూడు బిడ్డా, ఎడమ దిక్కు ఎట్ల జారిందో. గాలొస్తే ఊడుతది."

"ముందు నీ కాళ్ళు జూసుకో," అంది రుద్రమ్మ. "ఫ్లెక్సీల ఫికరు మల్ల."

ఎల్లారెడ్డిగూడ సందులో కింది వాటా, ఒకటిన్నర గది. పొయ్యి గట్టు మీద రుద్రమ్మ జాడీ తెచ్చి పెట్టింది. అందులో దొడ్డుప్పు, అందులో గుచ్చిన చెంచా. చెంచా అంటే చెంచా కాదు, పిల్ల గరిటె. యశస్విని తూకం ఆన్ చేసి, పళ్ళెం పెట్టి, సున్నా వచ్చేదాకా ఆగింది.

"మీరు రోజూ వేసేలాగే వేయండి."

రుద్రమ్మ చెంచా ముంచి, జాడీ అంచుకి ఓసారి తట్టి, పళ్ళెంలో పోసింది. పదకొండు. అంకెలు రుద్రమ్మకి వచ్చు. బస్సుల నంబర్లు చదువుతుంది.

"గిది ఒక్క దినానికి ఐదు కావాల్నా?" అంది.

యశస్విని తలూపింది. రుద్రమ్మ మూడు చెంచాల లెక్క తన మనసులో తనే వేసుకుంది. గోడకి ఆనుకుని కూర్చున్న భర్త వైపు ఒక్క చూపు చూసి మళ్ళీ చెంచా చేతిలోకి తీసుకుంది.

"అర్ధం చెంచా ఏస్తే సరిపోతదా?"

"మళ్ళీ ఒకసారి నిండుగా వేయండి, చూద్దాం."

ఈసారి ఎనిమిది వచ్చింది. ఇంకోసారి వేస్తే పదమూడు. అదే చెంచా, అదే చెయ్యి, అదే ఉప్పు. యశస్విని తూకం పాడైందేమోనని తలకిందులు చేసి చూసింది. పాడవలేదు. దొడ్డుప్పు రాళ్ళు ఒక్కోసారి ఒక్కో రకంగా పేరుకుంటాయి, మధ్యలో ఖాళీలు మిగులుతాయి. తప్పు చెంచాది కాదు, ఉప్పుది. అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అనే బడాయి ఉప్పుకి ఊరికే రాలేదు, ఎంత వేశామో కూడా తెలియనివ్వదు.

"గట్లయితే సన్నుప్పు తెస్త," అంది రుద్రమ్మ. పక్కింటికి వెళ్ళి గుప్పెడు సన్నుప్పు కాగితంలో తెచ్చింది. యశస్విని గట్టు మీదంతా వెతికింది. ఆ పిల్ల గరిటెకి సన్నుప్పు కూడా ఎక్కువే పడుతుంది. పోపుల డబ్బా చెంచాకి గిన్నె వంకర. కిటికీలో ఖాళీ టానిక్ సీసా కనబడింది. దాని మూత తీసి, కడిగి, కొంగుకి తుడిచి ఇచ్చింది రుద్రమ్మ. అందులో ఉప్పు పోసి, అగ్గిపెట్టె అంచుతో పైన చదును చేసింది యశస్విని. తూస్తే ఐదు.

మళ్ళీ పోసి, మళ్ళీ చదును చేసింది. ఐదు. మూడోసారి రుద్రమ్మ తనే పోసి, తనే చదును చేసింది. ఐదు.

"తలగొట్టి కొలవాలె అను," అంది రుద్రమ్మ. మొహం విప్పారింది. "మా అమ్మ వడ్లు గట్లనే తలగొట్టి పోస్తుండె. గీ మాట మొదాలే అంటే అయిపోవు కద బిడ్డా."

"నాకు తెలీదమ్మా. నేను సోమవారం చెప్పింది తప్పు. దానివల్లే ఆయనకి వాపు పెరిగింది."

రుద్రమ్మ మూతలోని ఉప్పును చిన్న గిన్నెలోకి వంచి, వేలితో అంటుకున్నది దులిపింది. "నువ్వు తప్పు చెప్పి ఇంటికొచ్చినవ్. ఆమె సరిగ చెప్పి తలకాయ సుత ఎత్తలే," అంది. కోపమంతా ఎవరి మీద పెట్టుకోవాలో ఆమె అప్పటికే తేల్చుకుంది.

తర్వాత బియ్యం. నీళ్ళు తాగే స్టీలు గ్లాసులో వంద గ్రాములు పోసి, కుదిపి, ఎక్కడిదాకా వచ్చాయో గోరుతో పట్టుకుంది యశస్విని. గోరు తీస్తే ఆనవాలు ఉండదు. హ్యాండ్‌బ్యాగులో గోళ్ళరంగు సీసా ఉంది, ఎర్రది. గోరు ఉన్న చోట గ్లాసు లోపలా బయటా సన్నటి గీత గీసింది. ఆయనకి రోజుకి ఈ గీత దాకా రెండుసార్లు.

"గిలాసకు సుత పెండ్లి జేస్తున్నరా?" అన్నాడు రాజనర్సయ్య గోడ దగ్గర్నుంచి.

"పొద్దుగాల లేవంగనే రెండు మూతల ఉప్పు గీ గిన్నెల పోస్త," అంది రుద్రమ్మ. "ఒకటి ఆయనకు, ఒకటి నాకు. పప్పుకైనా కూరకైనా గీ గిన్నెలకెల్లే తియ్యాలె. అయిపోతే అయిపోయినట్టే."

"మీకెందుకమ్మా పథ్యం?"

"రెండు కుండలు పెడితే ఈయన నా కుండల చెయ్యి పెడతడు. నాకు ఎరుకలేదా?"

రాజనర్సయ్య చేతులు ఒళ్ళోకి లాక్కున్నాడు.

శుక్రవారం రక్తపరీక్ష కాగితం కోసం రుద్రమ్మ ఒక్కతే ఆస్పత్రికి వచ్చింది. కాగితం తీసుకుని ఊరుకుంటే ఆమె రుద్రమ్మ ఎందుకవుతుంది. డయాలసిస్ గది బయట కూర్చున్న ఆడవాళ్ళ మధ్య చేరి, సంచిలోంచి గ్లాసు, మూత తీసి కథంతా చెప్పింది. శనివారం పొద్దున యశస్విని గది తలుపు తీసేసరికి నలుగురు ఆడవాళ్ళు గుడ్డ సంచులతో నిలబడి ఉన్నారు. ఒక్కో సంచిలో ఒక్కో ఇంటి గ్లాసు, గరిటె, రెండు మూడు సీసా మూతలు, కాసిన్ని బియ్యం, పొట్లంలో ఉప్పు.

అనుపమ మీటింగ్‌లో ఉంది. యశస్విని తూకం బల్ల మధ్యకి జరిపింది. ఒకరి గ్లాసు పొడుగు, ఒకరిది పొట్టి. ఒకావిడ పెరుగు కొలిచే కప్పు తెచ్చింది. వంద గ్రాముల బియ్యం ఒక్కోదాంట్లో ఒక్కో ఎత్తుకి వచ్చింది. ప్రతిదాని మీదా ఎర్ర గీత పడింది. తర్వాత వాళ్ళ చార్టు చూసి, రోజుకి గీత దాకా ఎన్నిసార్లో చెప్పింది. ఉప్పు మాత్రం ఆ విభాగం చార్టులన్నిట్లోనూ ఒకటే అంకె. ఎవరి మూత వాళ్ళు తలగొట్టి చూపించి, ఐదు వచ్చేదాకా మూతలు మార్చుకున్నారు.

చివర్లో బంజారా హిల్స్ నుంచి జానకీదేవి గారు వచ్చింది. తెల్లటి జరీ అంచు చీర, చేతికర్ర. ఆవిడ తెచ్చిన గ్లాసు మీద ఆవిడ పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంది.

"మా ఇంట్లో వేయింగ్ మెషిన్ ఉందమ్మాయ్, మా అల్లుడు తెచ్చాడు," అంది కూర్చుంటూ. "ఆ అంకె ఒకచోట నిలవదు. మా వంటమనిషి అది ఆగేదాకా చూసి చూసి, విసుగొచ్చి తనకి తోచినంత వేసేస్తోంది. నేనేమో సరిగ్గా తూచారనుకుని తింటున్నాను."

యశస్విని ఆ గ్లాసు అందుకుంది. తూకం మీద పెట్టేలోపే గుమ్మంలో అనుపమ.

"ఇది ఆస్పత్రా, స్టీలు సామాన్ల కొట్టా?"

 ఆడవాళ్ళు సంచులు దగ్గరికి లాక్కున్నారు. అనుపమ వాళ్ళని బయట కూర్చోమంది, జానకీదేవి గారిని మాత్రం "మీరు కూడా కాసేపు, ప్లీజ్" అంది. తలుపు ఈసారి వేసింది.

"ఏంటిది యశస్విని?"

"కొలతలు మేడమ్. వాళ్ళ గ్లాసుల్లో."

"గ్లాసు గ్లాసుకీ తేడా ఉంటుంది. ఒకరు కుదిపి పోస్తారు, ఒకరు వదులుగా పోస్తారు. గ్రాములు పెట్టిందే అందుకు. రేపు ఎవరికైనా ఏమైనా అయితే, మీ డైటీషియన్ గ్లాసు మీద గీత గీసిందని వస్తారు. అప్పుడు జవాబు చెప్పాల్సింది నేను."

అందులో నిజముందని యశస్వినికి తెలుసు. తన ఒక్క చెంచా ఏం చేసిందో గురువారం కళ్ళారా చూసింది. కానీ భయపడి నోరు మూసుకుంటే రాజనర్సయ్య మెడలోకి గొట్టం వస్తుంది. అది కూడా ఆమెకి అంత స్పష్టంగానూ తెలుసు.

"గ్లాసు గ్లాసుకీ తేడా ఉంటుందనే మేడమ్, ఎవరి గ్లాసు వాళ్ళని తెచ్చుకోమంటున్నాను. మన చార్టు తప్పని నేననడం లేదు. అది వాళ్ళ వంటింటిదాకా వెళ్ళడం లేదు."

"ఈ తూకం మొన్న సాయంత్రం ఇక్కడ లేదు."

"నేనే తీసుకెళ్ళాను. రాజనర్సయ్య గారింటికి."

"ఎవరినడిగి?"

"ఎవరినీ అడగలేదు. అడిగితే మీరు ఒప్పుకోరు."

అనుపమ ఆ పిల్లని కొత్తగా చూసినట్టు చూసింది. తర్వాత తూకం తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

"సోమవారం సాయంత్రం నీ కన్ఫర్మేషన్ మీటింగ్. కాగితం మీద సంతకం పెట్టాల్సింది నేను. ఇక మీదట ఈ గదిలో గ్రాములు తప్ప ఇంకో మాట వినిపించకూడదు. అర్థమైందా?"

"అర్థమైంది మేడమ్," అంది యశస్విని. అర్థం కావడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఆ తేడా అనుపమకి వినిపించిందో లేదో.

ఆదివారం అమీర్‌పేటలో రోడ్డు పక్క బండి దగ్గర హాస్టల్ పిల్లలతో పాటు యశస్విని కూడా నిలబడింది. మిగతావాళ్ళు చెవులకి, జడలకి ఏవేవో కొన్నారు. ఆమె ఎర్ర గోళ్ళరంగు సీసా ఒకటి కొంది. పాతది అడుగంటింది. తూకం బీరువాలో ఉండగా దీంతో ఏం చేస్తానని తనే అనుకుంది. అయినా కొంది.

సోమవారం డాక్టర్ ఫణీంద్ర గదిలోకి రాజనర్సయ్య చెప్పులు వేసుకునే వెళ్ళాడు. పట్టీ పూర్తిగా బిగించలేదు గానీ పాదాలు దూరాయి. డాక్టరు మోకాలి కింద బొటనవేలితో నొక్కాడు, వేలు తీశాక గుంట మెల్లిగా పూడింది. బరువు గురువారం కంటే మూడు కిలోలు తగ్గింది. తలుపు పక్కన ఫైలు పట్టుకుని నిలబడ్డ యశస్విని డాక్టరు పెదవులే చూస్తోంది.

"వాపు దిగింది," అన్నాడాయన కాగితం తిప్పుతూ. "ఇప్పుడప్పుడే గొట్టం వద్దు. పదిహేను రోజులాగి చూద్దాం. ఈ మాత్రలు బాగా పనిచేశాయి."

"మాత్రలు పోయిన నెల సుత గవే కద సారూ," అంది రుద్రమ్మ.

ఆయన వినలేదు. బెల్లు నొక్కి తర్వాతి పేషెంటుని పిలిచాడు. రుద్రమ్మ సంచిలోంచి సగం బయటికి తీసిన గ్లాసుని మళ్ళీ లోపల పెట్టింది. ఒక్కమాట అడిగి ఉంటే చెప్పేది. ఎవరూ అడగరు. మొగుడి కాళ్ళు తగ్గినందుకు సంతోషం, ఆ తగ్గడం తన వంటింట్లో జరిగిందని ఒక్కడికీ పట్టనందుకు మంట, రెండూ కలిసి ఆమె నడక వడివడిగా పడింది. రాజనర్సయ్య గోడ పట్టుకుని వెనకే వచ్చాడు.

డైటీషియన్ గది బయట శనివారం కంటే ఎక్కువమంది ఉన్నారు, అందరి ఒళ్ళోనూ సంచులే. గుమ్మంలో అనుపమ నిలబడి ఉంది.

"తూకం ఇవ్వడం కుదరదు. చార్టులు గ్రాముల్లోనే ఉంటాయి. గ్లాసులు లోపల పెట్టుకుని టోకెన్ ప్రకారం రండి."

ఆమె భుజం వెనక, అప్పటికే తిరిగొచ్చిన యశస్విని వట్టి చేతులతో నిలబడింది. రుద్రమ్మ ఒకసారి ఆమెని, ఒకసారి మూసి ఉన్న బీరువాని చూసింది.

"తూకం ఏది బిడ్డా?"

"బీరువాలో ఉందమ్మా. తాళం వేశారు."

రుద్రమ్మ వరండా గోడ పక్కన కింద కూర్చుంది, పాతపేపరు పరిచింది, సంచిలోంచి తన గ్లాసు తీసి దాని మీద పెట్టింది. ఎర్ర గీత గుమ్మంలోకి కనిపిస్తోంది.

"అమ్మా, ఇట్ల రా," అని ముందు కుర్చీలో ఉన్న జానకీదేవి గారిని పిలిచింది. "నీ బియ్యం నా గిలాసల పొయ్యి. గీత దాక."

జానకీదేవి గారు చేతికర్ర గోడకి ఆనించి, కుర్చీ అంచుకి జరిగి, పొట్లం విప్పి పోసింది. రుద్రమ్మ గ్లాసుని నేలకేసి మెల్లగా రెండుసార్లు తట్టింది, ఇంకో నాలుగు గింజలు వేయించింది, వేలితో పైన చదును చేసింది.

"వంద గ్రాములు గియ్యే. ఇగ నీ గిలాసల గుమ్మరించు."

బియ్యం గలగలమంటూ రెండో గ్లాసులోకి దిగాయి. చెక్కిన పేరుకి కాస్త పైన నిలిచాయి. చుట్టూ కూర్చున్నవాళ్ళు ముందుకి వంగారు. ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి, ఆ గ్లాసులోంచి ఇంకోదాంట్లోకి. తూకం ఒక్కసారి కొలిస్తే చాలు, ఇక అది ఎక్కడున్నా ఒకటే.

"ఇక్కడ ఇవన్నీ చేయకూడదమ్మా," అంది అనుపమ. గొంతులో శనివారంనాటి బిగువు లేదు. "తప్పు కొలిస్తే ప్రాణం మీదికొస్తుంది. అది మీకు తెలీదు."

"తెల్సు మేడం. తప్పు కొలిచే నా మొగని కాళ్ళు ఉబ్బినయి. నీ తూకం నువ్వు దాసుకో. మా గిలాసలు మా దగ్గర ఉన్నయి." రుద్రమ్మ గొంతు పెంచలేదు. గ్లాసుని కంటి ఎత్తుకి లేపి, బియ్యం అంచు మీద గోరు పెట్టి పట్టుకుంది. "గోరు తీస్తే పోతది. గీత గియ్యాలె."

యశస్విని గుమ్మం దాటింది.

"యశస్విని, లోపలికి రా. సాయంత్రం మీటింగ్ ఉంది, గుర్తుందిగా?"

"గుర్తుంది మేడమ్."

తెల్ల కోటు మడతలు నలుగుతాయని కూడా చూసుకోకుండా రుద్రమ్మ పక్కన కింద కూర్చుంది. జానకీదేవి గారి చార్టు అడిగి తీసుకుని చదివింది. "మీకు బియ్యం నూట యాభై అండీ. ఈ గీత దాకా ఒకసారి, అందులో సగం ఇంకోసారి. మీ వంటమనిషికి చూపించండి, ఎర్ర గీత ఆవిడకి తెలుస్తుంది. ఉప్పు మూత కూడా ఈవిడ మూతతో సరిచూసి ఇస్తాను." బ్యాగులోంచి కొత్త సీసా తీసి మూత తిప్పింది. 

అనుపమ గుమ్మంలోనే ఉండిపోయింది. బ్యాగులో చెయ్యి పెట్టి తాళంచెవి పట్టుకుంది. తీసి ఇవ్వలేదు, లోపలికీ వెళ్ళలేదు.

యశస్విని గ్లాసు మీద బ్రష్ ఆనించింది. కుర్చీలో కూర్చున్న రాజనర్సయ్య ఒక కన్ను మూసి, ఫ్లెక్సీ కట్టినప్పుడు చూసేటట్టు చూశాడు.

"ఎడమ దిక్కు దిగుతుంది బిడ్డా. జర పైకి. ఆ, గక్కడ."

గీత తిన్నగా పడింది. యశస్విని ఊదబోతే రుద్రమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"తొందర పడకు, ఆరనియ్యి. ఆరినంక ఎంత తోమినా పోదు," అంటూ ఇంకో చేత్తో పక్కావిడ గ్లాసు అందుకుంది.